తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఫోన్ రిపేర్ షాపు: కొత్త ఫోన్ కొనే ముందు ఇక్కడ చూపించండి

పాత ఫోన్‌లో యాప్‌లు ఆగిపోతున్నాయి, ఇక కొత్తది కొనాల్సిందే అని ఎవరైనా చెప్తే డబ్బు తీసే ముందు ఆ ఫోన్‌ని ఈ షాపులో ఒకసారి చూపించండి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఎక్కడ తగ్గిందో కింద రాస్తాను. గోవిందరాజస్వామి గుడి వైపు నుంచి వస్తే గాంధీ రోడ్డుకి ఆనుకుని ఉన్న ఒక ఇరుకు సందులో ఉంటుంది, బండి ఎక్కడో దూరంగా పెట్టి నడిచి రావాలి. షాపు పేరు రాయట్లేదు, ఒక్క మనిషి నడిపే షాపు, ఇప్పటికే చేతినిండా పని ఉందని ఆయనే వద్దన్నాడు. కానీ ఆయన ఫోన్ చూసే పద్ధతి మాత్రం వివరంగా రాయాలనిపించింది, అది తెలిస్తే మీరు ఏ ఊళ్లో ఏ షాపుకి వెళ్లినా అవే ప్రశ్నలు అడగొచ్చు.

మా నాయనకి బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉంది. ఆయన వాడేది 2018లో కొన్న ఫోన్, 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. కంపెనీ ఏదన్నది అనవసరం, ఆ ధరలో అప్పుడు వచ్చిన ఫోన్లన్నిటి పరిస్థితీ ఇంచుమించు ఇదే. ఆయనకి కావాల్సినవి కూడా పెద్దగా ఏమీ లేవు. వాట్సాప్ గ్రూపుల్లో తోతాపురి రేటు ఎంత ఉంది, జ్యూస్ ఫ్యాక్టరీ దగ్గర లారీలు ఎంత దూరం నిలబడి ఉన్నాయి, యూట్యూబ్‌లో వార్తలు, అప్పుడప్పుడూ 300 రూపాయల దర్శనం టికెట్లు, ఒక బ్యాంకు యాప్. ఆ బ్యాంకు యాప్ అప్‌డేట్ చేసుకోమని అడిగింది, ప్లే స్టోర్‌లోకి వెళ్తే ఈ ఫోన్‌కి ఈ వెర్షన్ కుదరదని వచ్చింది. ఒక పెద్ద షోరూమ్‌లో అడిగితే, కొత్త మోడళ్లు వచ్చే కొద్దీ పాత ఫోన్లలో యాప్‌లు పనిచెయ్యకుండా చేసేస్తారు సార్, వాట్సాప్ కూడా రేపో మాపో పోతుంది అని చెప్పి, ఈఎంఐలో 22 వేల ఫోన్ చూపించారు. వాట్సాప్ పోతుందన్న మాటకి మా నాయనకి టెన్షన్ పట్టుకుంది, కోతల టైంలో ఆ గ్రూపులు లేకపోతే ఆయనకి చెయ్యి విరిగినట్టే. నేను ఆయన్ని ఈ షాపుకి తీసుకొచ్చాను.

ఇక్కడి అన్న ఏ మోడల్, ఎప్పుడు కొన్నారు అని అడగలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని నేరుగా సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి రెండు లైన్లు మాకు చూపించాడు. ఒకటి ఆండ్రాయిడ్ వెర్షన్, 9 అని ఉంది. రెండోది సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, అంటే భద్రతా లోపాలకి చివరిసారి మరమ్మతు వచ్చిన రోజు, అది 2020లోనే ఆగిపోయి ఉంది. "పెద్దాయనా, మార్కెట్లో ఎన్ని కొత్త ఫోన్లు దిగినా నీ ఫోన్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు. ఈ రెండు అంకెలు ఆగిపోయినాయి చూడు, కథంతా ఇక్కడుంది" అన్నాడు. నాకు తెలిసి షోరూముల్లో ఎవరూ ఈ పేజీ తెరిచి చూపించరు.

అసలు సంగతి ఇది. ప్రతి యాప్‌కీ దాన్ని తయారు చేసినవాళ్లు ఒక హద్దు పెడతారు, ఫలానా ఆండ్రాయిడ్ వెర్షన్ కన్నా కింద ఉంటే ఎక్కదు అని. ఆ హద్దు ఏటేటా కొంచెం కొంచెం పైకి జరుగుతుంది. వాట్సాప్‌నే తీసుకోండి. 2021 నవంబరు 1 నుంచి ఆండ్రాయిడ్ 4.0.4, అంతకన్నా పాతవి వదిలేసింది, 2023 అక్టోబరు 24 నుంచి కనీసం 5.0 ఉండాలంది. ఆండ్రాయిడ్ 5 వచ్చింది 2014లో. అంటే 2023లో పెట్టిన ఆ హద్దు తొమ్మిదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. మా నాయన ఫోన్‌లో ఉన్నది 9. రేపో మాపో వాట్సాప్ పోతుందని ఆయన్ని భయపెట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మరి బ్యాంకు యాప్ ఎందుకు ఆగింది? ఎందుకంటే హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. బ్యాంకులు డబ్బు విషయం కాబట్టి పాత ఆండ్రాయిడ్‌ని త్వరగా వదిలేస్తాయి, తాళాలు పాతబడిన ఇంట్లో బంగారం పెట్టుకోమని ఎవరూ చెప్పరు కదా. క్రోమ్ బ్రౌజర్ 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్ 7ని వదిలేసింది, 2025 ఆగస్టులో వచ్చిన 139 వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ 10 ఉంటే తప్ప అప్‌డేట్ ఇవ్వట్లేదు. అన్న మా ఫోన్‌లో క్రోమ్ తెరిచి చూపించాడు, 138 దగ్గర ఆగి ఉంది. పనిచేస్తుంది, సైట్లు తెరుచుకుంటున్నాయి, కానీ కొత్తగా బయటపడే లోపాలకి మందు రాదు. పనిచెయ్యడం వేరు, భద్రంగా ఉండటం వేరు, ఈ తేడా విడమర్చి చెప్పినందుకే నేను ఆయనకి ఎక్కువ మార్కులు వేస్తున్నాను.

యాప్ తయారుచేసేవాళ్ల వైపు నుంచి కూడా కొంచెం చూడాలి. పాత వెర్షన్ ఒక్కోటీ అంటిపెట్టుకుని ఉంటే దాని మీద విడిగా టెస్టింగ్ చెయ్యాలి, కొత్త సౌకర్యాలు అందులో ఉండవు కాబట్టి ప్రతిదానికీ రెండో దారి రాయాలి. వాళ్లు వాడే గూగుల్ సర్వీసులే ముందు వదిలేస్తే వాళ్లు చెయ్యగలిగింది కూడా పెద్దగా ఉండదు. ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్‌ని 2023లో గూగుల్ ప్లే సర్వీసెస్ నుంచి తీసేసినప్పుడు, అది వాడే ఫోన్లు ఒక శాతం కన్నా తక్కువ ఉన్నాయని గూగుల్ చెప్పింది. ఒక శాతం కన్నా తక్కువ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, కానీ ఆ శాతంలో మనలాంటి ఊళ్లవాళ్లూ ఉంటారు, కొడుకు వాడి ఇచ్చిన ఫోన్‌ని ఇంకా దాచుకుని వాడే అమ్మలూ అవ్వలూ. నాకు బాధ కలిగేది అక్కడ. మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2015లో షావోమీ మొదటిసారి ఇండియాలో తయారుచేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ మార్కెట్‌లోకి వచ్చింది కూడా ఆ కిట్‌క్యాట్‌తోనే. మన జిల్లా ఆడపిల్లలు ఎంతమందో ఆ లైన్లలో కూర్చుని ఫోన్లు బిగించారు. ఫోన్ మీద ఇంత కష్టం పెట్టినప్పుడు అది ఎన్నేళ్లు పనికొస్తుందో కొనేవాడికి ముందే చెప్పడం కనీస ధర్మం.

నా లెక్కలో అసలు బాధ్యత ఫోన్ కంపెనీల మీదే ఎక్కువ. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ గూగుల్ ఇచ్చినా, దాన్ని ప్రతి మోడల్‌కీ సరిచేసి పంపాల్సింది కంపెనీ. చిప్ తయారుచేసినవాళ్లు దానికి కావాల్సిన డ్రైవర్లు, అంటే చిప్‌ని ఆండ్రాయిడ్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములు, ఇవ్వడం ఆపేస్తే కంపెనీ కూడా ఆపేస్తుంది, అమ్మేసిన ఫోన్‌కి అప్‌డేట్ పంపితే వాళ్లకి వచ్చే ఆదాయం ఏమీ లేదు మరి. 2017లో వచ్చిన రెడ్‌మీ నోట్ 4ని కంపెనీ ఆండ్రాయిడ్ 7 దగ్గర ఆపేసింది, కానీ ఆసక్తి ఉన్న కుర్రాళ్లు సొంతంగా తయారుచేసిన రామ్‌లతో (ROM, అంటే వాళ్లే మార్చి రాసుకున్న ఆండ్రాయిడ్) దాని మీద ఎన్నో తర్వాతి వెర్షన్లు నడిపించారు. యంత్రంలో సత్తువ ఉంది, దాన్ని నడిపించే మనసు కంపెనీకి లేకపోయింది, అంతే. అయితే అలా మార్చిన ఫోన్లలో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, అందుకే అన్న పెద్దవాళ్ల ఫోన్లకి ఆ పని చెయ్యనన్నాడు. అది సరైన మాట.

మేము కూర్చున్నప్పుడే ఇంకొకాయన వచ్చాడు, కిరాణా షాపు ఉందట. ఆయన సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. కొత్త ఫోన్ కొన్నాడు, ఎప్పటినుంచో వాడుతున్న బిల్లుల యాప్ అందులో ఎక్కట్లేదు. ఇది నేను ఊహించని సంగతి. ఆండ్రాయిడ్ 14 నుంచి, మరీ పాత పద్ధతిలో, అంటే ఆండ్రాయిడ్ 6 కన్నా ముందు వెర్షన్ల కోసం రాసిన యాప్‌లని ఫోన్ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వదు, వాటి ద్వారా దొంగ యాప్‌లు చొరబడుతున్నాయని అలా చేశారు. ఐఫోన్లలో 2017లోనే ఐఓఎస్ 11తో పాత తరహా 32 బిట్ యాప్‌లన్నీ ఒక్కసారిగా పోయాయి. కాబట్టి కొత్త ఫోన్ కొంటే అన్నీ పనిచేస్తాయన్న గ్యారంటీ కూడా ఏమీ లేదు. ఆయన పాత ఫోన్‌నే బ్యాటరీ మార్చి, సిమ్ తీసేసి, బిల్లుల కోసం షాపులో పెట్టుకోమన్నాడు అన్న. ఒక ఫోన్ అమ్ముకునే అవకాశం వదులుకుని ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇక మా ఫోన్ నెమ్మదిగా నడవడం గురించి. దీనికీ యాప్‌లు ఎక్కకపోవడానికీ సంబంధం లేదు, కానీ మనం రెండూ కలిపేసి ఫోన్ అయిపోయింది అనేస్తాం. 32 జీబీలో వాట్సాప్ ఫొటోలు, గుడ్ మార్నింగ్ వీడియోలు నిండిపోయి ఊపిరాడకుండా ఉంది, అవి తీసేస్తేనే సగం జబ్బు పోయింది. బ్యాటరీ ఉబ్బడం మొదలైంది, మార్చడానికి 900 తీసుకున్నాడు. పాత బ్యాటరీ వల్ల ఫోన్ నెమ్మదించడం ఉత్త మాట కూడా కాదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికి వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది, ఆ సంగతి కొనుగోలుదారులకి చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ 25 మిలియన్ యూరోల జరిమానా వేసింది. అంతకుముందు 2018లో ఇటలీ, అప్‌డేట్లతో ఫోన్లు పాడుచేశారని యాపిల్‌కి 10 మిలియన్లు, శాంసంగ్‌కి 5 మిలియన్ యూరోలు వేసింది. కొత్త మోడల్ అమ్ముకోవడానికి పాతది చెడగొడతారు అన్న మన అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదన్నమాట. కానీ బ్యాటరీ మారిస్తే చాలావరకు బాగుపడే ఫోన్లని పారేయడం మాత్రం మన తొందరపాటు.

సైట్లు తెరుచుకోకపోవడం ఇంకో రకం. ఆండ్రాయిడ్ 6 ఫోన్ ఒకటి టేబుల్ మీద ఉంటే అడిగాను, అందులో కొన్ని సైట్లు భద్రత లేదని హెచ్చరిక ఇస్తున్నాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు, అంటే సైట్ అసలుదేనని చూపే గుర్తింపు పత్రాలు, లెక్కలేనన్ని సైట్లు వాడతాయి, దాని మూల సర్టిఫికెట్ ఆండ్రాయిడ్ 7.1.1కి ముందు ఫోన్లలో ఉండదు. 2024 దాకా ఏదో ఏర్పాటుతో నెట్టుకొచ్చారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాని తనే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి అలాంటి ఫోన్లలో అన్న అదే వేసేవాడు, ఇప్పుడు దాని కొత్త వెర్షన్లు కూడా ఆ ఫోన్లకి రావు.

ఒక విషయంలో ఆయన చాలా గట్టిగా ఉంటాడు, అది అందరూ వినాలి. ప్లే స్టోర్‌లో దొరకని యాప్‌ని ఎక్కడినుంచో ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్, తెచ్చి వెయ్యమంటే వెయ్యడు. ఎంత బతిమాలినా వెయ్యడు. ఆర్టీఓ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ వాట్సాప్‌లో ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్న రోజులివి. యాప్ ఎక్కట్లేదన్న కంగారులో ఉన్నవాడే అలాంటి వాటికి ముందు దొరికిపోతాడు. పాత ఫోన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క మాట వాళ్లకి ఈరోజే చెప్పండి.

చివరికి మా నాయనకి ఆయన ఇచ్చిన సలహా: వాట్సాప్, యూట్యూబ్, మనమిత్ర ఈ ఫోన్‌లోనే వాడుకో. 2025 జనవరిలో మొదలైన మనమిత్ర, అంటే మన రాష్ట్ర ప్రభుత్వ సేవ, వాట్సాప్‌లోనే నడుస్తుంది కాబట్టి సర్టిఫికెట్లు, బిల్లులు లాంటి పనులకి ఇంకో యాప్ అక్కర్లేదు. దర్శనం టికెట్లకి టీటీడీ యాప్ మొరాయిస్తే వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు. పెద్ద డబ్బున్న ఖాతా మాత్రం ఈ ఫోన్‌లో పెట్టొద్దు, సెక్యూరిటీ ప్యాచ్ ఆగిన ఫోన్ అది. చిన్న చెల్లింపులకి యూపీఐ 123పే ఉంది, 2022లో మామూలు బటన్ ఫోన్ల కోసం తెచ్చారు, 2025 నుంచి ఒకసారికి 10 వేల దాకా పంపొచ్చు, దానికి స్మార్ట్‌ఫోనే అక్కర్లేదు. మామిడి డబ్బులు పడే ఖాతా ఇప్పుడు నా ఫోన్‌లో చూస్తున్నాను. ఆయనకి ఇది పూర్తిగా నచ్చలేదు, తన డబ్బు తను చూసుకోవాలని ఉంటుంది కదా, అది న్యాయమే. కోతలు అయ్యాక కొత్తది కొనాలనే అనుకుంటున్నాం, కానీ ఇప్పుడు భయంతో కాకుండా ఏం చూసి కొనాలో తెలుసుకుని కొంటాం.

అది కూడా ఆయనే చెప్పాడు. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగాలి, ఆ ఏళ్లు మనం కొన్న రోజు నుంచి కాక మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కేస్తారా అన్నది కూడా అడగాలి. రెండేళ్ల కిందటి మోడల్ ఆఫర్లో చవగ్గా వస్తోందంటే దాని ఆయుష్షులో రెండేళ్లు అప్పటికే అయిపోయి ఉండొచ్చు. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఇవి ఖరీదైన ఫోన్లు, పది పన్నెండు వేల ఫోన్ కొనేవాళ్లకి ఆ హామీ దొరకట్లేదు, నాకు అస్సలు నచ్చని విషయం ఇదే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆపేసిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలని చట్టం పెట్టారు. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ (కంపెనీల రిపేర్ వివరాలు ఒకచోట దొరికే వెబ్‌సైట్) తెచ్చింది, మంచిదే, కానీ అప్‌డేట్ల విషయంలో అలాంటి గట్టి చట్టం మనకీ కావాలి. చవక ఫోన్ కొనేవాడికే ఎక్కువ ఏళ్లు వాడే అవసరం ఉంటుంది.

ఇక షాపులో నాకు నచ్చనివి. ముద్ర ఉన్న బిల్లు ఇవ్వడు, చీటీ మీద రాసి ఇస్తాడు, బ్యాటరీకి ఆరు నెలల గ్యారంటీ అన్నది కూడా ఆ చీటీ మీదే, అది పోగొట్టుకుంటే కష్టం. పాత మోడళ్లకి కంపెనీ బ్యాటరీ దొరకదు, వేరేది వేస్తాడు, అడిగితే ఆ సంగతి దాచకుండా చెప్తాడు కానీ అడక్కముందే చెప్తే ఇంకా బాగుండేది. కూర్చోడానికి రెండే స్టూళ్లు, ఎండాకాలం మధ్యాహ్నం పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. ఒక్కడే చెయ్యాలి కాబట్టి సాయంత్రం వెళ్తే ఫోన్ మర్నాడే ఇస్తాడు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ సందులోకి అడుగుపెట్టడమే కష్టం. డిస్‌ప్లే పగిలిన పని అయితే బయట ఇంకా చవగ్గా చేసేవాళ్లు ఉన్నారు, దానికోసం ప్రత్యేకంగా ఇక్కడికి రానక్కర్లేదు. యాప్ ఆగిపోయింది, ఫోన్ నెమ్మదించింది, ఉంచాలా మార్చాలా అన్న సందేహానికి మాత్రం ఇదే చోటు, చూసి చెప్పినందుకు డబ్బులు కూడా తీసుకోడు. ఉదయం పదిన్నరకి తెరుస్తాడు, ఆదివారం మధ్యాహ్నం దాకానే. వెళ్లే ముందు ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసి పెట్టుకోండి, జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, పెద్దవాళ్ల ఫోన్లలో ఎక్కువ ఆలస్యం అయ్యేది ఆ పాస్‌వర్డ్ దగ్గరే.